హ్యారీ పాటర్ కొత్త సిరీస్ రాస్తున్నవాళ్ళకి: ఆరో కథలో ఆ జ్ఞాపకాలు మాత్రం వదిలేయకండి

సిరీస్ రచయితలకి, దర్శకులకి నమస్తే.

హ్యారీ పాటర్ పుస్తకాలన్నిట్నీ మళ్ళీ మొదట్నుంచి సిరీస్‌గా తీస్తున్నాం అని 2023 ఏప్రిల్‌లో ప్రకటించారు కదా, పుస్తకాలకి దగ్గరగా ఉంటుందని కూడా అప్పుడే చెప్పారు, ఆ మాట పట్టుకునే ఈ ఉత్తరం రాస్తున్నా. ఆరో పుస్తకం మీ చేతికి రావడానికి ఇంకా చాలా టైమ్ ఉంది, ఇప్పట్నుంచే ఈ గోల ఏంటి అనుకోకండి, ఎందుకంటే ఆరో కథ నిలబడాలంటే దానికి కావాల్సినవి ముందు సీజన్లలోనే అమర్చి పెట్టుకోవాలి. అలా అమర్చుకోకపోతే ఏమవుతుందో మేం 2009లో థియేటర్లో కూర్చుని చూశాం.

ఆ సినిమా అంటే ఆరో పుస్తకం నుంచి తీసిన హాఫ్ బ్లడ్ ప్రిన్స్. 2008 నవంబర్‌లో రావాల్సింది 2009 జూలై 15కి జరిపారు, ఆ ఎనిమిది నెలలు ఎలా గడిచాయో అప్పట్లో ఎదురుచూసిన ఎవర్ని అడిగినా చెప్తారు. డేవిడ్ యేట్స్ డైరెక్షన్, స్టీవ్ క్లోవ్స్ స్క్రీన్‌ప్లే, రెండున్నర గంటలు దాటిన సినిమా. నాకు ఆ సినిమా అంటే చాలా ఇష్టం, ఇది ముందే చెప్పేస్తున్నా, ఎందుకంటే కింద రాసేదంతా చదివి ఇతనెవరో సినిమాని తిట్టడానికే కూర్చున్నాడు అనుకుంటారేమో. ఇష్టం లేకపోతే ఇన్నేళ్ళ తర్వాత ఇంత పెద్ద ఉత్తరం ఎవరూ రాయరు.

ముందు బాగున్నవి చెప్తా, అవి మీకూ పనికొస్తాయి. ఆ మొదటి షాట్ గుర్తుందా, మాంత్రికుల ప్రభుత్వ కార్యాలయం మినిస్ట్రీలో యుద్ధం అయిపోయింది, హ్యారీ గాడ్‌ఫాదర్ సిరియస్ చనిపోయాడు, చుట్టూ కెమెరా ఫ్లాష్‌లు పేలుతుంటే హ్యారీ మొహంలో అసలు ప్రాణమే లేదు, హెడ్‌మాస్టర్ డంబుల్‌డోర్ వచ్చి భుజం చుట్టూ చెయ్యేసి పక్కకి తీసుకెళ్తాడు. వాళ్ళిద్దరి మధ్య ఒక్క డైలాగ్ లేదు. ఈ కథ మొత్తం వీళ్ళిద్దరిదే అని ఆ ఒక్క షాట్‌లోనే చెప్పేశారు. బ్రూనో డెల్‌బొనెల్ కెమెరా గురించి ఎంత చెప్పినా తక్కువే, ఆ పచ్చటి బూడిద రంగు, హాగ్వార్ట్స్ స్కూల్ అంతా ఏదో జబ్బు చేసినట్టు కనిపించడం, కిటికీల దగ్గర ఆ నీరసమైన వెలుగు. ఆస్కార్‌కి కూడా నామినేట్ అయింది ఆ పని. పిల్లల కథ అని రంగులు వెదజల్లకుండా అంత ధైర్యంగా తీయడం మామూలు విషయం కాదు.

తర్వాత స్లగ్‌హార్న్, హ్యారీ శత్రువు వోల్డెమార్ట్ గురించి ఒక జ్ఞాపకాన్ని దాచుకున్న టీచర్. జిమ్ బ్రాడ్‌బెంట్ ఆ పాత్రలో ఎంత బాగా చేశారంటే, పెద్ద పెద్దవాళ్ళతో పరిచయాలు చెప్పుకుని మురిసిపోయే మనిషి, లోపల ఒక సిగ్గుతో కుళ్ళిపోతున్న మనిషి, రెండూ ఒకే మొహంలో కనిపిస్తాయి. హాగ్రిడ్ గుడిసెలో ఆ రాత్రి ఆయన చెప్పే చేప పిల్ల కథ ఉంది చూడండి, హ్యారీ తల్లి లిల్లీ ఒక గాజు గిన్నెలో కొంచెం నీళ్ళు, మీద ఒక పూరేకు పెట్టి ఇచ్చింది, ఆ రేకు నీళ్ళలోకి దిగుతూ దిగుతూ అడుగు తాకే లోపల చేప పిల్ల అయిపోయింది, కొన్నేళ్ళ తర్వాత ఒకరోజు కిందకి వచ్చి చూస్తే గిన్నె ఖాళీగా ఉంది, అదే లిల్లీ చనిపోయిన రోజు. ఇది పుస్తకంలో లేదు. సినిమావాళ్ళు కొత్తగా రాసుకున్నది. అయినా నాకెప్పుడూ అది పుస్తకంలో లేదు కదా అని బాధ అనిపించలేదు, ఎందుకంటే ఆ కథ విన్నాక స్లగ్‌హార్న్ ఆ జ్ఞాపకాన్ని ఎందుకు ఇచ్చేస్తాడో అర్థమైపోతుంది, లిల్లీ ఎలాంటి పిల్లో తెలుస్తుంది, హ్యారీకి తల్లి గురించి ఇంకో ముక్క దొరుకుతుంది. కాబట్టి పుస్తకంలో ఉన్నదే అక్షరం పొల్లుపోకుండా తీయండి అని నేను అడగట్లేదు. ఇలాంటివి రాయగలిగితే ఎన్నైనా రాయండి.

హ్యారీతో పడని క్లాస్‌మేట్ డ్రాకో విషయం కూడా అంతే. పుస్తకం హ్యారీ వెనకాలే నడుస్తుంది కాబట్టి డ్రాకో ఆ గదిలో ఏం చేస్తున్నాడో మనం చూడలేం. సినిమా చూపించింది. ఇందులో పెట్టింది ఇంకోచోట ఉన్న జోడీలోకి చేరే ఆ వానిషింగ్ కాబినెట్ ముందు నిలబడి ఆపిల్ పెట్టడం, అది కొరికి ఉన్నట్టు తిరిగి రావడం, తర్వాత పిట్టని పంపితే చచ్చిపోయి రావడం, ఆ పిట్టని చూసి వాడు ఏడవడం. టామ్ ఫెల్టన్ అప్పటిదాకా ఐదు సినిమాల్లో వెక్కిరించడం తప్ప పెద్దగా చేయడానికి ఏమీ దొరకని నటుడు, ఇందులో ఒక్కసారిగా మన కడుపు తరుక్కుపోయేలా చేశాడు. నల్ల సూట్‌లో ఆ కారిడార్లలో ఒంటరిగా నడుస్తుంటే పదహారేళ్ళ పిల్లాడి నెత్తి మీద డంబుల్‌డోర్‌ని చంపాలి అని ఇంత బరువు పెట్టిన పెద్దవాళ్ళ మీద కోపం వస్తుంది. ఇది మీరు కూడా తప్పకుండా ఉంచండి. పుస్తకంలో బాత్రూమ్‌లో మోనింగ్ మర్టిల్ అనే దయ్యం వాడిని ఓదార్చడం ఉంది కదా, అది కూడా కలిపితే ఇంకా బాగుంటుంది.

ఇప్పుడు అసలు విషయానికి వస్తున్నా.

ఆరో పుస్తకానికి వెన్నెముక ఏంటంటే ఆ పాఠాలు. డంబుల్‌డోర్ తన గదిలో హ్యారీని కూర్చోబెట్టి జ్ఞాపకాల్లోకి దిగి చూసే గిన్నె పెన్సీవ్‌లో ఒక్కో జ్ఞాపకం పోసి, ఇదిగో నీ శత్రువు వోల్డెమార్ట్ ఎక్కడ పుట్టాడు, ఎవరికి పుట్టాడు, ఏం దొంగిలించాడు, దేనికి భయపడతాడు, చూడు అని నేర్పిస్తాడు. తను ఎక్కువ రోజులు బతకడని డంబుల్‌డోర్‌కి తెలుసు. తనకి తెలిసిందంతా ఆ పిల్లాడి చేతిలో పెట్టి వెళ్ళిపోవాలని ఆయన తొందర. కానీ సినిమాలో మిగిలింది రెండే జ్ఞాపకాలు, అనాథాశ్రమం ఒకటి, స్లగ్‌హార్న్‌ది ఒకటి, అది ముందు మార్చేసిన వెర్షన్, తర్వాత అసలుది. వోల్డెమార్ట్ తల్లి పుట్టిన గాంట్ కుటుంబం లేదు. మోర్ఫిన్ జ్ఞాపకం లేదు. హెప్జిబా స్మిత్ లేదు. రిడిల్ (వోల్డెమార్ట్ అసలు పేరు) ఉద్యోగం అడగడానికి మళ్ళీ హాగ్వార్ట్స్‌కి వచ్చిన రాత్రి లేదు. చేతికందిన ఆ రెండింటినీ ఎంత బాగా తీశారో చూస్తే మిగతావి లేవన్న బాధ ఇంకా ఎక్కువవుతుంది, పదకొండేళ్ళ రిడిల్‌గా హీరో ఫైన్స్ టిఫిన్ ఆ ఇనుప మంచం మీద కూర్చుని పాములతో మాట్లాడగలను అని చెప్పే సీన్‌కి ఇప్పటికీ ఒళ్ళు గగుర్పొడుస్తుంది.

గాంట్ ఇల్లు గురించి కొంచెం ఎక్కువ చెప్పనివ్వండి, ఎందుకంటే నాకు ఆరో పుస్తకం అంటే ముందు గుర్తొచ్చేది అదే. తలుపుకి చచ్చిన పాముని మేకు కొట్టి వేలాడదీసిన పాడుబడ్డ ఇల్లు, తండ్రి మార్వోలో, కొడుకు మోర్ఫిన్, కూతురు మెరోపీ. తినడానికి సరిగ్గా లేదు కానీ మేం హాగ్వార్ట్స్ స్థాపకుల్లో ఒకడైన స్లిదరిన్ వంశం అని గొప్ప. ఆ గొప్ప రుజువు చేయడానికి తండ్రి కూతురి మెడలో ఉన్న లాకెట్ గొలుసు పట్టి లాగితే ఆ పిల్లకి ఊపిరి ఆగిపోయినంత పని అవుతుంది. ఆ పిల్ల రోజూ కిటికీలోంచి చూసే ఒక అందగాడు, గుర్రం మీద పోయే ఊరి ధనవంతుల అబ్బాయి. తండ్రీ అన్నా జైలుకి పోయాక ఆమె ఆ అబ్బాయికి ప్రేమ మందు పెట్టి ఉంటుందని డంబుల్‌డోర్ ఊహ. తర్వాత ఏదో ఒక రోజు మందు ఆపేసింది, కడుపులో బిడ్డ ఉంది కదా, ఇంక నిజంగానే ప్రేమిస్తాడు అనుకుందేమో. అతను వదిలేసి వెళ్ళిపోయాడు. నిండు గర్భంతో ఆ మెడలో లాకెట్‌ని బోర్గిన్ అండ్ బర్క్స్ అనే కొట్లో పది గాలియన్ నాణేలకి అమ్ముకుంది, అది వెలకట్టలేనిది అని కూడా ఆమెకి తెలీదు. డిసెంబర్ 31 రాత్రి అనాథాశ్రమం మెట్లెక్కి బిడ్డని కని, వాడికి పేరు చెప్పి, గంటలోపు చనిపోయింది.

ఇది విని హ్యారీకి కోపం వస్తుంది, కొడుకు కోసమైనా బతకాలి కదా, ఆమె కావాలనే చనిపోయింది, మా అమ్మకి ఆ అవకాశం లేదు కదా అన్నట్టు మాట్లాడతాడు. అప్పుడు డంబుల్‌డోర్ మెల్లగా, మీ అమ్మకి కూడా ఆ అవకాశం ఉంది, అయినా నిలబడింది అని గుర్తుచేస్తాడు, మెరోపీని మరీ కఠినంగా చూడకు అంటాడు. ఏడు పుస్తకాల కథ ఆ చిన్న సంభాషణలో ఉంది అంటాను నేను. ఇద్దరు తల్లులు, ఇద్దరు అనాథ పిల్లలు. సినిమాలో మెరోపీ అనే పేరే వినపడదు.

దానివల్ల జరిగిన నష్టం ఎంతో చూడండి. సినిమా నిండా ప్రేమ మందే ఉంది. స్లగ్‌హార్న్ క్లాసులో అమోర్టెన్షియా చుట్టూ ఆడపిల్లలు మూగుతారు, రొమిల్డా వేన్ ఆ మందు కలిపి పంపిన చాక్లెట్లు హ్యారీ ఫ్రెండ్ రాన్ తినేసి చందమామని చూస్తూ మైమరిచిపోతాడు, రూపర్ట్ గ్రింట్ ఆ సీన్‌లో థియేటర్ మొత్తాన్ని నవ్వించాడు. కామెడీ ట్రాక్‌గా చాలా బాగుంది. కానీ పుస్తకంలో అదే మందు వోల్డెమార్ట్ పుట్టుకకి కూడా కారణం. నవ్వుకున్న చోటే తర్వాత వెన్నులో చలి పుట్టాలి, మనసు లేని చోట మందు పెట్టి తెచ్చుకున్న ప్రేమకి పుట్టిన బిడ్డ ప్రేమంటేనే అర్థం కాని మనిషి అయ్యాడు అన్నది లోపలికి దిగాలి. సినిమా నవ్వు ఉంచుకుని చలి తీసేసింది. లావెండర్, రాన్, హెర్మయినీ గొడవలకి అంత టైమ్ ఎందుకిచ్చారు అని చాలామంది విసుక్కుంటారు, నాకు ఆ టైమ్ మీద కంప్లైంట్ లేదు, టీనేజ్ పిల్లలు చుట్టూ చీకటి కమ్ముకుంటున్నా ప్రేమల్లో పడతారు, ఏడుస్తారు, అది నిజం. మెట్ల మీద హెర్మయినీ ఏడుస్తుంటే హ్యారీ పక్కన కూర్చునే సీన్ ఎంత సున్నితంగా ఉందో. నా బాధల్లా ఆ ప్రేమలకి అద్దంలా ఉండాల్సిన కథ లేకపోవడం.

ఇంకో నష్టం చివర్లో తెలుస్తుంది. సముద్రం ఒడ్డున గుహ సీన్, ఆ గాజు పలకల్లాంటి రాళ్ళు, నల్లటి నీళ్ళు, డంబుల్‌డోర్ ఆ విషం తాగుతూ చిన్నపిల్లాడిలా వద్దు వద్దని బతిమాలడం, హ్యారీ తన చేత్తోనే తాగించాల్సి రావడం, తర్వాత ఆ మంటల వలయం, అబ్బా, మైకేల్ గాంబన్ మొత్తం సిరీస్‌లో చేసినదాంట్లో నాకు అదే బెస్ట్. ఇంత చేసి వాళ్ళు వెళ్ళింది ఒక లాకెట్ కోసం, తెచ్చుకున్నది నకిలీది అని తర్వాత తెలుస్తుంది. పుస్తకం చదివినవాళ్ళకి అసలుది మెరోపీ మెడలోది అని తెలుసు, తండ్రి పట్టి లాగింది, ఆకలికి పది గాలియన్లకి అమ్ముకుంది, తర్వాత ఆమె కొడుకు హెప్జిబా స్మిత్ అనే ముసలావిడని చంపి ఎత్తుకుపోయింది. సినిమా మాత్రమే చూసినవాళ్ళకి అదొక లాకెట్. అంతే. డంబుల్‌డోర్ దేనికోసం ఆ నరకం తాగాడో వాళ్ళకి చెప్పేవాళ్ళే లేరు.

అసలు హార్‌క్రక్స్‌ల విషయంలోనే, అంటే వోల్డెమార్ట్ తన ప్రాణం ముక్కలు దాచిన వస్తువుల విషయంలోనే, సినిమా పెద్ద పొరపాటు చేసింది అంటాను. పుస్తకంలో డంబుల్‌డోర్ లెక్క చాలా స్పష్టంగా ఉంటుంది, రిడిల్ చిన్నప్పట్నుంచి ఇతరుల వస్తువులు ట్రోఫీల్లాగా దాచుకునేవాడు, గర్వం ఎక్కువ, కాబట్టి తన ప్రాణం ముక్కల్ని ఏ పాత డబ్బాలోనో పెట్టడు, హాగ్వార్ట్స్ స్థాపకుల వస్తువుల్లాంటి గొప్పవాటిలోనే పెడతాడు. హఫుల్‌పఫ్ కప్పు, స్లిదరిన్ లాకెట్, రేవన్‌క్లా లేదా గ్రిఫిండర్‌ది ఇంకోటి ఏదో, పాము నాగిని. ప్రేక్షకుడికి ఒక లిస్టు చేతికొస్తుంది, ఏడో కథలోకి ఆ లిస్టుతోనే వెళ్తాడు. సినిమాలో డంబుల్‌డోర్ అవి ఏవైనా కావచ్చు, మామూలు వస్తువులు కూడా కావచ్చు అని ఊరుకుంటాడు. అప్పుడేమైంది, చివరి సినిమాలో గ్రింగాట్స్ బ్యాంకు ఖజానాలోకి దూరిన హ్యారీకి ఏం వెతకాలో తెలీదు, ఏదో గుసగుస వినపడినట్టు, తల తిరిగినట్టు అయితే అటు చూస్తాడు. ఒక ఏడాది పాటు డిటెక్టివ్‌లాగా నేర్చుకున్న కుర్రాడు కాస్తా సిగ్నల్ పట్టుకునే కుర్రాడు అయిపోయాడు. చిత్రం ఏంటంటే ఆరో సినిమా షూటింగ్ 2007 సెప్టెంబర్‌లో మొదలయ్యే సరికి ఏడో పుస్తకం బయటకొచ్చేసింది, అది జూలైలోనే వచ్చింది. ఏవి అవసరమో అప్పటికే అందరికీ తెలుసు.

టైమ్ లేదు, సినిమా కదా, అన్నీ పెట్టలేం అంటారు. ఒప్పుకుంటా. కానీ అదే సినిమాలో క్రిస్మస్ సెలవుల్లో రాన్ వాళ్ళ ఇల్లు బరో తగలబడే సీన్ ఉంది. పుస్తకంలో లేదు. వోల్డెమార్ట్ మనుషులు బెల్లాట్రిక్స్, ఫెన్రిర్ గ్రేబ్యాక్ వచ్చి ఇంటి చుట్టూ మంట పెట్టి, హ్యారీని ఎత్తుగా పెరిగిన గడ్డిలోకి పరిగెత్తించి, చివరికి ఎవరికీ ఏమీ కాకుండా వెళ్ళిపోతారు. చూడ్డానికి బాగుంది, ఆ గడ్డిలో కెమెరా పరిగెత్తడం కొంచెం భయపెట్టింది కూడా. కానీ దానివల్ల కథ ఎక్కడికీ కదలదు, ఎవరి మనసూ మారదు, తర్వాత సినిమాలో ఆ ఇల్లే చక్కగా నిలబడి ఉంటుంది, పెళ్ళి కూడా అక్కడే జరుగుతుంది. పుస్తకంలో అదే క్రిస్మస్‌కి కొత్త మినిస్టర్ స్క్రిమ్‌జర్ బరోకి వస్తాడు, హ్యారీని తోటలోకి తీసుకెళ్ళి, మినిస్ట్రీకి మద్దతు ఇస్తున్నట్టు కనిపించు చాలు అని అడుగుతాడు, హ్యారీ కుదరదు అంటాడు, నేను డంబుల్‌డోర్ మనిషిని అని మొహం మీదే చెప్తాడు. ఒక పక్క పదహారేళ్ళ కుర్రాడు, ఒక పక్క దేశాన్ని నడిపే పెద్దమనిషి. ఆ సీన్‌కి గ్రాఫిక్స్ అక్కర్లేదు, ఇద్దరు నటులు చాలు. చేప పిల్ల కథ కూడా కల్పితమే, ఇల్లు తగలబడటం కూడా కల్పితమే, కానీ మొదటిది చూశాక ఒక మనిషి గురించి మనకి తెలిసింది పెరిగింది. రెండోదాని తర్వాత ఏం పెరిగిందో ఎంత వెతికినా నాకు దొరకలేదు. మీరు కొత్త సీన్ రాసుకునే ప్రతిసారీ ఈ తేడా ఒక్కటి గుర్తుపెట్టుకోండి ప్లీజ్.

ఇప్పుడు టీచర్ స్నేప్ గురించి. హ్యారీకి దొరికిన పాత క్లాసు పుస్తకంలో హాఫ్ బ్లడ్ ప్రిన్స్ అని రాసుకున్నది అతనే, అంటే సినిమా పేరే అతనిది, కానీ ఆ పాత పుస్తకం ఎవరిదో అన్న ఆరా సినిమాలో మొక్కుబడిగా సాగి, చివర్లో అతను నేనే అని ఒక్క ముక్క చెప్పి వెళ్ళిపోతాడు. చూసినవాడికి అయితే ఏంటి అనిపిస్తుంది. హెర్మయినీ లైబ్రరీలో పాత పేపర్లు తిరగేసి ఐలీన్ ప్రిన్స్ అనే అమ్మాయిని పట్టుకోవడం, ఆమె స్నేప్ తల్లి అని బయటపడటం, ఇవేవీ లేవు. హ్యారీ ఏడాది మొత్తం ఆ పుస్తకంలోని చేతిరాతని నమ్ముకున్నాడు, దాన్ని ఫ్రెండ్‌లాగా చూశాడు, ఆ రాత తను అసహ్యించుకునే మనిషిది అని తెలిసిన దెబ్బ మనకి కూడా తగలాలి కదా. అంతకన్నా ముఖ్యమైంది, హ్యారీ గురించిన జోస్యాన్ని చాటుగా విని వోల్డెమార్ట్‌కి చేరవేసింది స్నేపే అని హ్యారీకి తెలిసేది ఆరో పుస్తకంలోనే, గుహకి బయల్దేరే ముందు. తన తల్లిదండ్రుల చావుకి కారణమైన మనిషిని డంబుల్‌డోర్ ఎందుకు నమ్ముతున్నాడు అని హ్యారీ అరిచేస్తాడు, అది అడిగిన కొన్ని గంటలకే టవర్ మీద ఆ మనిషే డంబుల్‌డోర్‌ని చంపుతాడు. ఇంత మంట ఉన్న వరసని సినిమా పక్కన పెట్టేసింది.

టవర్ సీన్ మీద నాకు రెండు రకాలుగా ఉంటుంది. పుస్తకంలో డంబుల్‌డోర్ మంత్రం వేసి హ్యారీని కదలకుండా చేస్తాడు, సినిమాలో హ్యారీ కింద స్వేచ్ఛగా నిలబడి ఉంటాడు, స్నేప్ వచ్చి పెదాల మీద వేలు పెట్టి మాట్లాడొద్దు అని సైగ చేస్తాడు, హ్యారీ ఆ ఒక్క క్షణం అతన్ని నమ్ముతాడు. అలన్ రిక్‌మన్ ఆ చూపు ఎంత గొప్పగా చూశారంటే ఏడో కథ తెలిసి మళ్ళీ చూసినప్పుడు ఆ కళ్ళలో ఇంకో అర్థం కనిపిస్తుంది, ఆ నటుడికి దండం పెట్టాలనిపిస్తుంది. కానీ హ్యారీ అంటే ఎవరు, ఆలోచించకుండా దూకేసే పిల్లాడు, సిరియస్ కోసం మినిస్ట్రీకి పరిగెత్తిన పిల్లాడు. వాడు కళ్ళముందు డంబుల్‌డోర్ నిస్సహాయంగా ఉంటే మాటిచ్చాను అని ఊరికే నిలబడటం నాకు మింగుడు పడలేదు. మంత్రంతో కట్టిపడేస్తే ఆ నిస్సహాయత ఇంకా భయంకరంగా ఉండేది, ఎందుకంటే డంబుల్‌డోర్ తనని తాను కాపాడుకోగలిగే ఆ ఒక్క క్షణాన్ని హ్యారీని కాపాడటానికి వాడేశాడు. అది చూపించండి మీరు.

ఆ తర్వాత వోల్డెమార్ట్ అనుచరులు డెత్ ఈటర్లు గ్రేట్ హాల్లో నడుచుకుంటూ పోయి, గిన్నెలు తన్ని, కిటికీలు పగలగొట్టి, హాగ్రిడ్ ఇల్లు తగలబెట్టి వెళ్ళిపోతారు. ఎదురొచ్చేవాళ్ళే లేరు. స్కూల్ మొత్తం ఏమైంది, టీచర్లు ఏమయ్యారు? చివరి కథలో పెద్ద యుద్ధం ఉంది కాబట్టి రెండుసార్లు ఒకేలా ఉండకూడదని తీసేశామని నిర్మాతల వైపు నుంచి చెప్పారు, అర్థం చేసుకోగలను. కానీ ఆ చిన్న యుద్ధంతో పాటు అందులో హ్యారీ ఫ్రెండ్స్ నెవిల్, లూనా చేసిన సాయం కూడా పోయింది. పాత నాణేల ద్వారా పిలిస్తే వెంటనే వచ్చింది వాళ్ళిద్దరే కదా, ఆ స్నేహం వాళ్ళకి అంత ముఖ్యం. సినిమాలో నెవిల్‌కి దక్కింది స్లగ్‌హార్న్ పార్టీలో ట్రే పట్టుకుని తిరిగే పని. రాన్ అన్న బిల్‌ని గ్రేబ్యాక్ కరవడం, మొహం పాడైపోయిన అతన్ని పెళ్ళాడబోయే ఫ్లర్ వదిలేస్తుందేమో అని తల్లి మాలీ అనుకోవడం, ఫ్లర్ తోకతొక్కిన తాచులా లేవడం, ఆ వెంటనే ఇద్దరూ ఒకర్నొకరు పట్టుకుని ఏడవడం కూడా పోయింది. తర్వాత సినిమాలో బిల్ వచ్చి హ్యారీకి తన పేరు చెప్పి పరిచయం చేసుకోవాల్సి వచ్చింది. అన్ని సినిమాలు చూసినవాళ్ళకి ఇతనెవరు అని తెలీని పరిస్థితి.

క్విడిచ్ ఆట బాగుంది, ఐదో సినిమాలో అసలు లేదు కాబట్టి ఇంకా బాగుంది. హ్యారీ, రాన్ చెల్లి జిన్నీల ప్రేమ అంత బాగా కుదరలేదు, ఆ నటీనటుల్ని నేను అనను, రాసిందే అలా ఉంది, షూ లేసు కట్టడం లాంటి సీన్లతో ఆ అమ్మాయి గుణం తెలీదు. పుస్తకంలో జిన్నీ నవ్విస్తుంది, తిడుతుంది, ఎవరికీ భయపడదు. మ్యాచ్ గెలిచాక కామన్ రూమ్‌లో అందరి ముందూ ముద్దు పెట్టుకునే ఆ సంతోషం మీ సిరీస్‌లో ఉంటే చాలు, మిగతాది దాన్నిబట్టి వస్తుంది.

ఇక అంత్యక్రియలు. డంబుల్‌డోర్ కింద పడి ఉన్నప్పుడు అందరూ మంత్రదండాలు ఎత్తి, ఆ వెలుగుతో ఆకాశంలో వోల్డెమార్ట్ గుర్తు డార్క్ మార్క్‌ని చెరిపేసే సీన్ సినిమావాళ్ళు కల్పించింది, మెక్‌గోనగల్‌గా మ్యాగీ స్మిత్ ముందు దండం ఎత్తడం, నికొలస్ హూపర్ సంగీతం, అక్కడ ఏడవనివాళ్ళు తక్కువ, నేనూ ఏడ్చాను. కుదిరితే అది కూడా ఉంచుకోండి. కానీ ఆ తర్వాత వీడ్కోలు లేదు. ఆరు కథల పాటు అందరికీ పెద్దదిక్కుగా ఉన్న మనిషి పోతే, చెరువు దగ్గర మత్స్యజనం నీళ్ళలోంచి పాడటం, అడవి అంచున సెంటార్లు బాణాలు వదలడం, హాగ్రిడ్ ఆ దేహాన్ని చేతుల్లో మోసుకుంటూ ఏడుస్తూ రావడం, ఆ తెల్లటి సమాధి, ఇవన్నీ చూడకుండానే మేం ఇంటికి పంపబడ్డాం. చావుకి కర్మకాండ ఎందుకు చేస్తారో మనందరికీ తెలుసు, బతికున్నవాళ్ళు ఆ మనిషి లేడని ఒప్పుకోడానికి. హ్యారీ కూడా అక్కడే ఒప్పుకుంటాడు, ఇంక తన ముందు నిలబడే పెద్దవాళ్ళు ఎవరూ మిగల్లేదని అక్కడే అర్థమవుతుంది, అందుకే జిన్నీని దూరం పెడతాడు, స్క్రిమ్‌జర్‌ని రెండోసారి కాదంటాడు, స్కూల్‌కి తిరిగి రాను అంటాడు. ఏడో కథకి వెళ్ళే దారి ఆ అంత్యక్రియల్లోంచే పోతుంది. సినిమాలో ముగ్గురూ టవర్ మీద నిలబడి కాసేపు మాట్లాడుకుంటారు, డంబుల్‌డోర్ ఫీనిక్స్ పక్షి ఫాక్స్ ఎగిరిపోతుంది, అయిపోయింది.

మీకు ఉన్నది వాళ్ళకి లేనిది ఒక్కటే, గంటలు. వాళ్ళు రెండున్నర గంటల్లో ఇరికించాల్సింది మీరు ఒక సీజన్ మొత్తంలో పరచుకోవచ్చు. ఒక్కో జ్ఞాపకానికి ఒక ఎపిసోడ్‌లో చోటు పెట్టుకున్నా ఇబ్బంది ఉండదు, స్కూల్ గొడవలు, ప్రేమలు, డ్రాకో, మధ్యలో డంబుల్‌డోర్ గది. ఆ గదిలో డంబుల్‌డోర్ నల్లబడిపోయిన చెయ్యి ప్రతి ఎపిసోడ్‌కి కొంచెం కొంచెం అధ్వాన్నంగా కనిపిస్తే చాలు, టైమ్ అయిపోతోందని ఎవరూ నోటితో చెప్పక్కర్లేదు. రెండో సీజన్లో రిడిల్ డైరీ వస్తుంది కదా, అదీ ఒక హార్‌క్రక్సే, అది నాశనమయ్యాక డంబుల్‌డోర్ దాన్ని చేతిలోకి తీసుకుని ఒక క్షణం ఎక్కువ చూడనివ్వండి. బోర్గిన్ అండ్ బర్క్స్ కొట్టు కూడా ఆ సీజన్‌లోనే వస్తుంది, అందులో ఆ వానిషింగ్ కాబినెట్ జోడీని కనిపించీ కనిపించనట్టు ఉంచండి. ఐదో కథలో సిరియస్ ఇల్లు శుభ్రం చేసేటప్పుడు ఎవరూ తెరవలేకపోయిన ఒక బరువైన లాకెట్ ఉంటుంది, అసలు లాకెట్ అదే, అది సినిమాలో లేదు, మీరు దాన్ని అల్మారాలోంచి తీసి పక్కన పడేసే రెండు సెకన్ల షాట్ తీయండి. మళ్ళీ చూసేవాళ్ళు దాన్ని పట్టుకుంటారు, మాలాంటివాళ్ళు పిచ్చెక్కిపోతారు.

ఇంకొక్కటి, మెరోపీ పాత్రకి నటిని ఎంచుకునేటప్పుడు చిన్న పాత్రే కదా అని తేలిగ్గా తీసుకోకండి. ఆ అమ్మాయికి మాటలు దాదాపు ఉండవు, ఆ మురికి వంటింట్లో గోడకి ఆనుకుని నిలబడి, కిటికీ బయట గుర్రం చప్పుడు విన్నప్పుడు మొహం మారాలి, తండ్రి అటు తిరగ్గానే మళ్ళీ మామూలైపోవాలి. అది చేయగలిగిన నటి దొరికేదాకా వెతకండి, దొరక్కపోతే ఇంకొన్నాళ్ళు ఆగండి, మేం ఎదురుచూడ్డానికి అలవాటు పడ్డవాళ్ళమే.

ఇట్లు
మీ ఆరో సీజన్ కోసం ఇప్పట్నుంచే ఎదురుచూస్తున్న ఒక అభిమాని